అగస్టిన్ ఫ్రెనెల్

అగస్టిన్ జాఁ ఫ్రెనెల్ (1788 మే 10 - 1827 జూలై 14) ఫ్రాన్సు దేశానికి చెందిన సివిల్ ఇంజనీరు, భౌతిక శాస్త్రవేత్త. కాంతి తరంగ రూపంలో ప్రయాణిస్తుందన్న సిద్ధాంతాన్ని గణితపరంగా స్థిరపరచిన వారిలో ఇతడు అగ్రగణ్యుడు. గాలిలో ప్రయాణించే కాంతి గాజునో నీటినో తాకినపుడు అందులో ఎంత భాగం వెనుకకు మరలుతుంది, ఎంత భాగం లోపలికి పోతుంది అన్న ప్రశ్నకు సిద్ధాంతం నుండి లెక్క కట్టి సమాధానం చెప్పినవాడు ఇతడే. ఆ సమాధానాన్ని నేటికీ ఫ్రెనెల్ సమీకరణాలు అనే పేరుతో భౌతికశాస్త్ర విద్యార్థులు చదువుతున్నారు. సముద్ర తీరాలలోని దీపస్తంభాల (లైట్ హౌస్‌ల) కోసం ఇతడు రూపొందించిన కటకం ఇతని పేరును సామాన్య ప్రజలకు కూడా పరిచయం చేసింది.

ఫ్రెనెల్ ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యుడు కాడు. జీవితమంతా ప్రభుత్వ రహదారుల శాఖలో ఉద్యోగి. పరిశోధనలలో చాలా భాగం సెలవులలోనూ, ఉద్యోగానంతర సమయంలోనూ చేసినవే. క్షయ వ్యాధితో 39 ఏళ్ళకే మరణించాడు. ఇతని శాస్త్రకృషి అంతా సుమారు పదేళ్ళలో ముగిసిపోయింది.

బాల్యం, విద్య

ఫ్రెనెల్ నార్మండీ ప్రాంతంలోని బ్రోయ్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి జాక్ ఫ్రెనెల్ వాస్తుశిల్పి. తల్లి అగస్టిన్ మెరిమే. మేనమామ లియొనార్ మెరిమే చిత్రకారుడు. ఈ మేనమామ కుమారుడే కార్మెన్ కథ వ్రాసిన ప్రసిద్ధ రచయిత ప్రాస్పర్ మెరిమే. ఫ్రెంచి విప్లవం మొదలైన తరువాత కుటుంబం కాన్ నగరం దగ్గరి మాత్యూ గ్రామానికి తరలి వెళ్ళింది. క్యాథలిక్కులలో మిక్కిలి నియమనిష్ఠలు గల జాన్సెనిస్టు శాఖకు చెందిన కుటుంబం వారిది. ఫ్రెనెల్ జీవితాంతం ఆ నిష్ఠను విడువలేదు.

చిన్నతనంలో ఇతడు బలహీనంగా ఉండేవాడు. చదువులో కూడా వెనుకబడి, ఎనిమిదేళ్ళ వయసు వచ్చినా చదవడం సరిగా రాలేదట. అయితే ఆటవిల్లులకు ఏ కర్ర బాగా వంగుతుంది, ఏది విరగకుండా నిలుస్తుంది అని పరీక్షించి చూసి, తోటి పిల్లల మధ్య ప్రమాదకరమైన ఆయుధాలు తయారుచేసేవాడిగా పేరు తెచ్చుకున్నాడు. ఒక పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో తన చేతులతో తానే తెలుసుకోవాలనే ఆసక్తి అప్పటికే ఉన్నదనుకోవచ్చు.

1801లో కాన్ లోని పాఠశాలలో చేరి, 1804లో పారిస్ లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో ప్రవేశం పొందాడు. 1806లో వంతెనలు, రహదారుల ఇంజనీరింగు కళాశాలకు వెళ్ళి 1809లో ఇంజనీరుగా బయటకు వచ్చాడు. అదే సంవత్సరం ఇతని అన్న లూయీ స్పెయిన్ యుద్ధంలో మరణించాడు.

రహదారుల ఇంజనీరు

మొదట వాందే ప్రాంతంలోనూ, తరువాత దక్షిణాన నియోన్స్ అనే చిన్న పట్టణంలోనూ రోడ్ల నిర్మాణం ఇతనికి అప్పగించారు. కూలీలను సమకూర్చడం, రాయి, మట్టి లెక్కలు చూడడం, గుత్తేదారులతో వ్యవహరించడం - ఇవీ రోజువారీ పనులు. ఈ ఉద్యోగం మీద ఇతనికి ఇష్టం లేకపోయినా నిర్లక్ష్యం చేయలేదు. తీరిక వేళలలో తత్వశాస్త్రం గురించి, రసాయన శాస్త్రం గురించి ఆలోచించేవాడు. ఉప్పు నుండి సోడా తయారుచేయడానికి ఒక పద్ధతి కూడా ఆలోచించి మేనమామ ద్వారా పారిస్ లోని రసాయన శాస్త్రవేత్తలకు తెలియజేశాడు గానీ వారు దానిని ప్రోత్సహించలేదు.

1814 నాటికి ఇతని దృష్టి కాంతి మీదకు మళ్ళింది. ఆ ఏడాది మే నెలలో తమ్ముడు లియొనార్‌కు వ్రాసిన లేఖలో కాంతి ధ్రువణం అంటే ఏమిటో తనకు తెలియదనీ, తెలిపే పుస్తకం ఏదైనా పంపమనీ అడిగాడు. ఏడెనిమిదేళ్ళు తిరగకుండానే ధ్రువణం అంటే ఏమిటో శాస్త్రలోకానికి ఇతడే వివరించవలసి వచ్చింది. అదే సంవత్సరం నక్షత్ర కాంతిలో కనిపించే విపథనం గురించి ఒక చిన్న వ్యాసం వ్రాసి మేనమామ ద్వారా ఆంపియర్‌కు పంపాడు. దానికి ఆంపియర్ నుండి జవాబు రాలేదు.

1815 మార్చిలో నెపోలియన్ ఎల్బా ద్వీపం నుండి తప్పించుకుని ఫ్రాన్సుకు తిరిగి వచ్చాడు. రాజు పక్షాన నిలవాలని ఫ్రెనెల్ ఉద్యోగాన్ని విడిచి రాజసైన్యంలో చేరబోయాడు. అప్పటికే అతని ఆరోగ్యం అంతంత మాత్రం. సైనికుడిగా పనికిరాకపోగా, తిరిగి వచ్చిన చోట జనం ఛీత్కారానికి గురయ్యాడు. కొత్త ప్రభుత్వం ఉద్యోగం నుండి తప్పించి పోలీసు నిఘాలో ఉంచింది. తల్లి ఉన్న మాత్యూ గ్రామానికి వెళ్ళడానికి మాత్రం అనుమతించారు. ఈ శిక్షే ఇతనికి వరమైంది. దారిలో పారిస్‌లో ఆగి, తన కంటే రెండేళ్ళు మాత్రమే పెద్దవాడైనా అప్పటికే విజ్ఞాన అకాడమీ సభ్యుడైన ఫ్రాన్స్వా అరాగోను కలుసుకున్నాడు. అరాగో చదవవలసిన గ్రంథాల జాబితా ఇచ్చాడు. అందులో థామస్ యంగ్ రచనలు ఉన్నాయి గానీ ఫ్రెనెల్‌కు ఇంగ్లీషు రాదు. పైగా ఆ పుస్తకాలేవీ మాత్యూలో దొరకవు.

కణమా, తరంగమా?

ఫ్రెనెల్ చేసిన పని విలువ తెలియాలంటే అప్పటి వాదం కొంత తెలియాలి. కాంతి అతి సూక్ష్మమైన కణాల ప్రవాహం అని న్యూటన్ అనుయాయుల నమ్మకం. న్యూటన్ దృశాశాస్త్ర గ్రంథం 1704లో వెలువడింది. అంతకు ముందే, 1690లో, హాలెండుకు చెందిన హైగెన్స్ కాంతి ఒక తరంగం అని వాదిస్తూ గ్రంథం ప్రచురించాడు. న్యూటన్ పేరు ప్రతిష్ఠల ముందు అది నూరేళ్ళకు పైగా మరుగున పడింది.

కాంతి ఒక యానకం నుండి మరొక యానకంలోకి ఏటవాలుగా ప్రవేశించినపుడు దారి మార్చుకుంటుంది. దీనిని వక్రీభవనం అంటారు. ఈ వంపును ఇరుపక్షాల వారూ వివరించగలిగారు. గట్టి నేల మీద నుండి ఏటవాలుగా బురదలోకి దిగే ఎడ్లబండిలో ముందుగా దిగిన చక్రం నెమ్మదిస్తుంది. రెండవది వెనుకటి వేగంతోనే వస్తూ ఉంటుంది కనుక బండి పక్కకు మళ్ళుతుంది. తరంగం కూడా గాజులో నెమ్మదించి ఇలాగే మళ్ళుతుందని హైగెన్స్ పక్షం. గాజు కాంతి కణాలను తన వైపు ఆకర్షించి వాటి వేగం పెంచుతుంది కనుక దారి వంగుతుందని న్యూటన్ పక్షం. అంటే నీటిలోనూ గాజులోనూ కాంతి వేగం ఒకరి ప్రకారం తగ్గాలి, మరొకరి ప్రకారం పెరగాలి. దానిని కొలిచే సాధనం ఆ కాలంలో ఎవరి దగ్గరా లేదు.

1808లో ఫ్రెంచి సైనిక ఇంజనీరు మాల్యూస్, లక్సెంబర్గు భవనం కిటికీ అద్దాల మీద పడి వెనుదిరిగిన సూర్యకాంతిని ఐస్లాండు స్పార్ అనే స్ఫటికం గుండా చూశాడు. ఈ స్ఫటికంలో ప్రతి వస్తువూ రెండుగా కనిపించడం మామూలు. కానీ స్ఫటికాన్ని తిప్పినపుడు ఆ రెండు బింబాలలో ఒకటి వెలుగు కోల్పోవడం, మరొకటి కాంతివంతం కావడం మాల్యూస్ గమనించాడు. గాజు మీద పడి పరావర్తనం చెందిన కాంతికి పక్కలు ఏర్పడుతున్నాయన్నమాట. ఈ గుణానికి ధ్రువణం అని పేరు పెట్టింది మాల్యూసే. అప్పటి తరంగ సిద్ధాంతం ప్రకారం కాంతి గాలిలో ధ్వని వంటిది. ముందుకూ వెనుకకూ తప్ప పక్కలకు కదలదు. అటువంటి తరంగానికి పక్కలు ఎలా ఉంటాయి? థామస్ యంగ్ అంతటివాడు కూడా ఈ చిక్కు ముందు నిస్సహాయుడయ్యాడు. లాప్లాస్, బియో వంటి పారిస్ పెద్దలు కణ సిద్ధాంతం గెలిచిందనే అనుకున్నారు.

తేనె చుక్క కటకం

మాత్యూలో ఫ్రెనెల్ దగ్గర ప్రయోగశాల లేదు. కాంతిని సూక్ష్మమైన బిందువు వద్ద కేంద్రీకరించడానికి చిన్న కటకం కావాలి. రేకుకు వేసిన చిన్న రంధ్రంలో తేనె చుక్క నిలిపి దానినే కటకంగా వాడుకున్నాడు. మిగిలిన పరికరాలు ఊరిలోని తాళాల కమ్మరి చేత చేయించాడు. సన్నని తీగ నీడ అంచుల్లో ఏర్పడే వెలుగు చీకటి చారలను భూతద్దంతో చూసి కొలిచాడు. తీగకు ఒక పక్కగా వచ్చే కాంతిని కాగితంతో అడ్డుకుంటే నీడ లోపలి చారలు మాయమయ్యాయి. చారలు రావాలంటే రెండు పక్కల నుండి వచ్చే కాంతీ కలవాలన్నమాట. యంగ్ ఇంతకు ముందే దీనిని గమనించాడని అప్పటికి ఇతనికి తెలియదు. తెలిసిన తరువాత యంగ్ ప్రాథమ్యాన్ని ఒప్పుకోవడానికి వెనుకాడలేదు.

1815 అక్టోబరులో తన మొదటి వివర్తన పత్రాన్ని పారిస్‌కు పంపాడు. దానిని పరిశీలించే బాధ్యత అరాగోకు అప్పగించారు. నెపోలియన్ పతనం తరువాత ఉద్యోగం తిరిగి వచ్చింది గానీ పని కూడా దానితో పాటే వచ్చింది. రెన్ పట్టణానికి బదిలీ చేశారు. అరాగో పై అధికారులకు చెప్పి, నచ్చజెప్పి అప్పుడప్పుడు సెలవు ఇప్పించి పారిస్‌కు రప్పించేవాడు. 1818లో పారిస్‌లోనే ఊర్క్ కాలువ పనులకు వేయడంతో ఈ ఇబ్బంది కొంత తీరింది. అరాగో లేకపోతే ఫ్రెనెల్ ఒక మారుమూల రోడ్ల ఇంజనీరుగానే మిగిలిపోయేవాడనడం అతిశయోక్తి కాదు.

నీడ నడుమ వెలుగు చుక్క

వివర్తనం మీద ఉత్తమ పత్రానికి 1819లో బహుమతి ఇస్తామని విజ్ఞాన అకాడమీ 1817లో ప్రకటించింది. ప్రకటనలోని మాటలు కణ సిద్ధాంతం వైపు మొగ్గుతూ ఉండడం వలన ఫ్రెనెల్ మొదట సందేహించాడు. అరాగో, ఆంపియర్ ప్రోత్సాహంతో 1818లో పత్రం సమర్పించాడు. తరంగాగ్రం మీది ప్రతి బిందువు నుండీ కొత్త తరంగాలు పుడతాయని హైగెన్స్ చెప్పాడు. ఆ తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి బలపడడమో రద్దు కావడమో జరుగుతుందని యంగ్ చెప్పాడు. ఫ్రెనెల్ ఈ రెండింటినీ జతపరచి, అడ్డంకి అవతల ఏ బిందువు దగ్గర ఎంత వెలుగు ఉంటుందో సమాకలనం ద్వారా లెక్కించి చూపాడు.

న్యాయనిర్ణేతలు లాప్లాస్, బియో, ప్వాసాఁ, అరాగో, గే-లుసాక్. మొదటి ముగ్గురూ కణ పక్షం వారు. వీరిలో ప్వాసాఁ గణితంలో దిట్ట. ఫ్రెనెల్ సూత్రాలను గుండ్రని బిళ్ళకు అన్వయిస్తే, బిళ్ళ నీడ సరిగ్గా మధ్యలో, అక్కడ అడ్డు ఏమీ లేనట్లే వెలుగు ఉండాలని వస్తుందని అతడు గమనించాడు. నీడ నడుమ వెలుగు అనేది అసంబద్ధం కనుక సిద్ధాంతమే తప్పు కావాలి. అరాగో వాదించకుండా 2 మిల్లీమీటర్ల వ్యాసం గల లోహపు బిళ్ళను మైనంతో గాజు పలకకు అంటించి పరీక్షించాడు. నీడ మధ్యలో వెలుగు చుక్క కనిపించింది. ఇటువంటి చుక్కను 18వ శతాబ్దంలోనే డెలిస్ల్, మరాల్డి చూసి ఉన్నారు గానీ దాని అర్థం తెలియక అందరూ మరచిపోయారు. 1819 మార్చిలో బహుమతి ఫ్రెనెల్‌కు లభించింది. తన వాదానికి గొయ్యి తవ్వబోయిన ప్వాసాఁ పేరుతోనే ఆ చుక్కను నేడు పిలుస్తున్నారు. ఈ ఒక్క ప్రయోగంతో కణ పక్షం వారు తరంగ పక్షానికి మారిపోయారని కొన్ని పుస్తకాలలో కనిపించేది నిజం కాదు. ప్వాసాఁ, బియో తమ పట్టు విడవలేదు. ధ్రువణం చిక్కు ఇంకా అలాగే ఉన్నది.

తిర్యక్ తరంగాలు

ఒకదానికొకటి లంబ దిశలలో ధ్రువణం చెందిన రెండు కిరణాలు కలిసినపుడు చారలు ఏర్పడవని ఫ్రెనెల్, అరాగో కలిసి చేసిన ప్రయోగాలలో తేలింది. దీనికి కారణం కనుక్కోవడానికి ఇతనికి కొన్నేళ్ళు పట్టింది. ఒక కొస గుంజకు కట్టిన తాడును రెండవ కొస దగ్గర పైకీ కిందికీ ఊపితే అల తాడు వెంట ముందుకు పోతుంది. తాడు మాత్రం అడ్డంగా కదులుతుంది. ఎడమకూ కుడికీ ఊపినా అంతే. ఈ రెండు ఊపులూ ఒకదానిని మరొకటి రద్దు చేయలేవు. కాంతి కూడా ఇటువంటి తిర్యక్ తరంగమే అయితే ధ్రువణం అనేది కంపన దిశ తప్ప మరేమీ కాదు. యంగ్ కూడా 1817లో అరాగోకు వ్రాసిన లేఖలో ఇటువంటి సూచన చేశాడు. కానీ కాంతి కంపనాలు పూర్తిగా తిర్యక్ దిశలోనే ఉంటాయని 1821లో నిస్సంకోచంగా ప్రకటించినవాడు ఫ్రెనెల్.

ఇది సాహసమే. కాంతిని మోసే యానకంగా ఆ కాలంలో ఈథర్ అనే పదార్థాన్ని ఊహించేవారు. అడ్డు కంపనాలు వాయువులలో పుట్టవు, ఘన పదార్థాలలోనే పుడతాయి. అంటే గ్రహాలు అడ్డు లేకుండా తిరిగే ఆకాశమంతా ఒక గట్టి పదార్థంతో నిండి ఉండాలి! ఇంతకాలం వెన్నంటి నిలిచిన అరాగో కూడా ఇక్కడ ఆగిపోయాడు. ఈ భావన ఉన్న పత్రానికి తన పేరు జోడించడానికి ఒప్పుకోలేదు. ఈథర్ అవసరమే లేదని ఆ తరువాత శతాబ్దంలో తేలింది గానీ, కాంతి తిర్యక్ తరంగం అన్న మాట మాత్రం నిలిచింది.

దీని ఆధారంగా ఐస్లాండు స్పార్ వంటి స్ఫటికాలలో వస్తువు రెండుగా కనిపించడాన్ని (ద్వివక్రీభవనం) ఫ్రెనెల్ వివరించాడు. స్ఫటికంలో అన్ని దిశలూ ఒకటి కావు కనుక కంపన దిశను బట్టి కాంతి వేగం మారుతుంది; ఒకే కిరణం రెండు వేగాలతో రెండు దారులు పడుతుంది. పుష్యరాగం వంటి కొన్ని స్ఫటికాలలో రెండు కిరణాలలో ఏదీ సాధారణ వక్రీభవన నియమాన్ని పాటించదని లెక్క ద్వారా చెప్పి, ప్రయోగంతో రుజువు చేశాడు. ఇతని మరణానంతరం 1832లో ఐర్లండుకు చెందిన హామిల్టన్, ఫ్రెనెల్ సమీకరణాల నుండి, కొన్ని స్ఫటికాలలో ఒక ప్రత్యేక దిశలో పోయే కిరణం శంకువులా విచ్చుకోవాలని ఊహించగా, అదే ఏడాది లాయిడ్ ప్రయోగంలో అది కనిపించింది.

ఫ్రెనెల్ సమీకరణాలు

చెరువు గట్టున నిలబడి కాళ్ళ దగ్గరి నీటిలోకి చూస్తే అడుగున ఉన్న రాళ్ళు కనిపిస్తాయి. అదే చెరువులో దూరంగా చూస్తే అడుగు కనిపించదు. ఆకాశం, ఆవలి గట్టు చెట్లు అద్దంలో వలె కనిపిస్తాయి. నీరు అదే, కాంతీ అదే. కంటికి చేరే కాంతి నీటిని తాకే కోణం మాత్రమే వేరు. ఈ తేడాకు కచ్చితమైన లెక్కను ఫ్రెనెల్ 1823 జనవరి 7న అకాడమీలో చదివిన పత్రంలో ఇచ్చాడు.

అతని పద్ధతి ఇది. రెండు యానకాలు కలిసే హద్దు దగ్గర, ఇవతలి కంపనం, అవతలి కంపనం ఒకదానితో ఒకటి తెగిపోకుండా అతకాలి. వచ్చిన శక్తి, మరలిన శక్తి, లోపలికి పోయిన శక్తి లెక్క సరిపోవాలి. కాంతి కంపనాన్ని రెండు భాగాలుగా విడదీసి, పతన తలానికి లంబంగా ఉన్న దానికి ఒక సూత్రం, అదే తలంలో ఉన్న దానికి మరొక సూత్రం రాబట్టాడు.

వాటిలో నుండి వచ్చే ఫలితాలు మనకు నిత్యం కనిపించేవే. కాంతి నిటారుగా పడినపుడు నీటి ఉపరితలం సుమారు 2 శాతాన్ని, 1.5 వక్రీభవన గుణకం గల మామూలు గాజు 4 శాతాన్ని, 2.42 గుణకం గల వజ్రం సుమారు 17 శాతాన్ని వెనుకకు పంపుతాయి. వజ్రం మెరుపుకు ఉన్న కారణాలలో ఇది ఒకటి. కిటికీ అద్దానికి రెండు ముఖాలు ఉంటాయి కనుక దాదాపు 8 శాతం మరలిపోతుంది. రాత్రి వేళ గదిలో దీపం ఉన్నపుడు కిటికీలో మన ముఖమే కనిపించడం ఈ 8 శాతం చలవే. కాంతి ఉపరితలాన్ని రాసుకుంటూ పోయే కోణానికి చేరేకొద్దీ పరావర్తనం నూటికి నూరు వంతులకు దగ్గరవుతుంది. చెరువులో దూరంగా ఆకాశం కనిపించడం అందుకే.

రెండు సూత్రాలలో ఒకటి ఒక ప్రత్యేక కోణం దగ్గర సున్న అవుతుంది. గాజుకు ఇది సుమారు 56 డిగ్రీలు, నీటికి 53 డిగ్రీలు. ఆ కోణంలో మరలిన కాంతిలో ఒకే దిశ కంపనం మిగులుతుంది. మాల్యూస్ కిటికీ అద్దాలలో చూసిన వింతకు కారణం ఇదే. ఈ కోణానికీ వక్రీభవన గుణకానికీ గల సంబంధాన్ని స్కాట్లండుకు చెందిన బ్రూస్టర్ 1815లోనే ప్రయోగాల ద్వారా కనుగొన్నాడు. అది ఎందుకు అలా ఉండాలో ఫ్రెనెల్ సూత్రాలు చెప్పాయి. నీటి మీదా రోడ్డు మీదా మెరిసే కాంతిని తగ్గించే పోలరాయిడ్ కళ్ళద్దాలు పనిచేసేది ఈ గుణం వలననే.

ఇంకొక ఫలితం మరీ విచిత్రమైనది. గాజు లోపలి నుండి గాలిలోకి పోబోయే కాంతి సుమారు 42 డిగ్రీలు దాటిన కోణంలో హద్దును తాకితే బయటకు పోలేక మొత్తం వెనుకకు మళ్ళుతుంది. దీనిని సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. ఇక్కడ ఫ్రెనెల్ సూత్రాలలో ఋణ సంఖ్యల వర్గమూలాలు, అంటే కల్పిత సంఖ్యలు, వచ్చాయి. మరొకరైతే సూత్రం ఇక్కడ పనికిరాదని విడిచిపెట్టేవారు. ఫ్రెనెల్ మాత్రం, కాంతి మొత్తం తిరిగి వస్తున్నది కనుక ఆ సంఖ్య వెలుగు పరిమాణాన్ని కాక, తరంగం దశలో వచ్చిన మార్పును సూచిస్తున్నదని గ్రహించాడు. గాజు దిమ్మెలో రెండు సార్లు తగిన కోణంలో పరావర్తనం జరిగితే, లంబంగా ఉన్న రెండు కంపనాల మధ్య పావు వంతు ఆవర్తనం తేడా రావాలని లెక్కించి, ఆ దిమ్మెను కోయించి పరీక్షించాడు. మరచుట్టు లాగా తిరిగే కంపనం గల కాంతి వచ్చింది. రేఖీయ, వృత్తీయ, దీర్ఘవృత్తీయ ధ్రువణం అనే పేర్లు ఇతడు పెట్టినవే. ఆ దిమ్మెను ఫ్రెనెల్ రాంబ్ అంటారు.

ఇంత ముఖ్యమైన పత్రం అచ్చుకు నోచుకోలేదు. వ్రాతప్రతి ఎక్కడో కలిసిపోయింది. ఫ్రెనెల్ చనిపోయిన తరువాత గణిత శాస్త్రవేత్త ఫూరియే కాగితాలలో దొరికి 1831లో ముద్రితమైంది.

దీపస్తంభాలు

అరాగో సిఫారసుతో ఫ్రెనెల్‌ను 1819 జూన్‌లో దీపస్తంభాల సంఘంలో నియమించారు. ఆ కాలంలో దీపాల వెనుక లోహపు దర్పణాలు పెట్టేవారు. మెరుగు పెట్టిన లోహం కూడా తన మీద పడిన కాంతిలో దాదాపు సగం మింగివేసేది. గాజు ముఖం నష్టపరిచేది కొద్దిపాటి కాంతినే కనుక దర్పణానికి బదులు కటకం మేలని ఫ్రెనెల్ తలచాడు. అయితే అంత పెద్ద కటకం చేస్తే మధ్యలో గాజు మరీ మందంగా, బరువుగా ఉండి, కాంతిని తినివేస్తుంది. కిరణం వంగేది గాజు ముఖాల వద్దనే గానీ మధ్య భాగంలో కాదు. కనుక నడుమ ఉన్న గాజును తీసివేసి, ముఖం వంపు మాత్రం నిలిపి, ఒకదాని చుట్టూ ఒకటిగా పట్టకాల వలయాలు అమర్చాడు.

ఇటువంటి ఆలోచన అంతకుముందు బుఫాన్, కొండొర్సే, బ్రూస్టర్ చేసి ఉన్నారు. మొదట్లో ఆ విషయం ఫ్రెనెల్‌కు తెలియదు. ప్రతి వలయానికీ ఎంత వాలు ఉండాలో లెక్కించి, నిజమైన సముద్రపు దీపంగా నిలబెట్టిన ఘనత మాత్రం ఇతనిదే. సొలైల్ అనే దృశా పరికరాల తయారీదారు వీటిని తయారుచేశాడు. అనేక ఒత్తులు గల దీపాన్ని అరాగోతో కలిసి రూపొందించాడు. 1822 ఆగస్టు 20న పారిస్‌లో అప్పటికి నిర్మాణం పూర్తికాని విజయతోరణం మీద దీపాన్ని ఉంచి, 32 కిలోమీటర్ల దూరం నుండి 18వ లూయీ రాజు పరివారంతో సహా చూసేలా ప్రదర్శించారు. 1823 జూలైలో గిరోండ్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న కోర్దువాన్ దీపస్తంభంలో మొదటి కటకం వెలిగింది. ఎనిమిది పలకలు గల ఆ దీపం గడియారపు యంత్రంతో తిరుగుతూ కాంతి పుంజాలను సముద్రం మీదికి పంపేది.

దీపానికి పైన, కింద చెదిరిపోయే కాంతిని సంపూర్ణాంతర పరావర్తనంతో మళ్ళించే పట్టకాలను కూడా ఫ్రెనెల్ రూపొందించాడు. పారిస్ లోని సెయింట్ మార్టిన్ కాలువ గట్ల దీపాలకు చిన్న ప్రమాణంలో వీటిని చేయించాడు. పెద్ద ప్రమాణంలో చూసే భాగ్యం ఇతనికి కలుగలేదు. దేశ తీరమంతటా దీపాలు ఏ క్రమంలో ఉండాలో నిర్ణయించే ప్రణాళిక 1825లో వెలువడింది. ఫ్రెనెల్ తరువాత ఆ బాధ్యతను తమ్ముడు లియొనార్ చేపట్టాడు.

చివరి రోజులు

1823 మే నెలలో ఫ్రెనెల్ అకాడమీ సభ్యుడిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. అప్పటికే క్షయ ముదిరింది. 1824లో ఎకోల్ పాలిటెక్నిక్ పరీక్షాధికారి పదవిని అనారోగ్యం వలన వదులుకున్నాడు. మిగిలిన కొద్ది శక్తినీ దీపస్తంభాల పనికే వినియోగించడంతో కొత్త పరిశోధన దాదాపు ఆగిపోయింది. 1825లో లండన్ రాయల్ సొసైటీ విదేశీ సభ్యత్వం ఇచ్చింది.

1827 జూన్‌లో పారిస్ దగ్గరి విల్-దావ్రే గ్రామానికి తరలించారు. తల్లి వచ్చి దగ్గర ఉన్నది. రాయల్ సొసైటీ ప్రకటించిన రమ్‌ఫర్డ్ పతకాన్ని జూలై మొదటి వారంలో అరాగో స్వయంగా తీసుకువచ్చి మంచం మీద ఉన్న మిత్రుని చేతిలో పెట్టాడు. మరి కొన్ని రోజులకే, జూలై 14న, ఫ్రెనెల్ మరణించాడు. ఇతడు అవివాహితుడు.

తరువాత

నీటిలో కాంతి వేగం గాలిలో కంటే తక్కువ అని 1850లో ఫూకో, ఫిజో వేరువేరుగా చేసిన ప్రయోగాలలో తేలడంతో న్యూటన్ పక్షం వాదం ముగిసింది. ప్రవహించే నీరు కాంతిని పాక్షికంగా తనతో లాగుకుపోతుందన్న ఫ్రెనెల్ 1818 నాటి ఊహను ఫిజో 1851లో నిర్ధారించాడు. దాని అసలు కారణం ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం వచ్చాక 1907లో లావే వివరించాడు. కాంతి విద్యుదయస్కాంత తరంగమని మాక్స్‌వెల్ 1860లలో చూపిన తరువాత, 1875లో లొరెంజ్ ఫ్రెనెల్ సమీకరణాలను ఈథర్ ఊహల అవసరం లేకుండా ఆ సిద్ధాంతం నుండే రాబట్టాడు. ఆధారం మారినా సమీకరణాలు మారలేదు. అవి రేడియో తరంగాలు భూమినీ సముద్రాన్నీ తాకినపుడు కూడా వర్తిస్తాయి. కళ్ళద్దాలు, కెమెరా కటకాల మీద పరావర్తనం తగ్గించే పూతలు వేసేవారు ఆ 4 శాతం లెక్కతోనే మొదలుపెడతారు.

ఫ్రెనెల్ రచనల సంపుటాలు 1866 - 1870 మధ్య వెలువడ్డాయి. ఈఫెల్ గోపురం మీద చెక్కిన 72 మంది పేర్లలో ఇతని పేరు ఉన్నది. డిగ్రీ తరగతుల ప్రయోగశాలలలో సోడియం దీపం ముందు అమర్చే ద్విపట్టకం (బైప్రిజం) కూడా ఇతని పేరుతోనే ఉన్నది. పలుచని ప్లాస్టిక్ రేకు మీద వలయాలు గీసినట్లుండే కటకాలను ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లలోనూ, సౌరశక్తిని కేంద్రీకరించే పరికరాలలోనూ, చదవడానికి వాడే పలుచని భూతద్దాలలోనూ చూడవచ్చు.